శిశువిద్యకు చేయూతనిచ్చిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, ఒకటవ తరగతిలో అడుగు పెట్టకముందే పసిబిడ్డలను చదువుకు సిద్ధం చేసే ఉపాధ్యాయినులను కూడ స్మరించుకోవడం మన విధి. ఆ పసివారి బడికి ప్రభుత్వ ధనం చేరేందుకు స్వతంత్ర భారతదేశంలో తొలినాళ్ళలో బాట వేసినవారిలో అగ్రగణ్యురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయమ్మగారికి బాల్యంలోనే వివాహమైంది. ఊహ తెలిసిన పిమ్మట ఆ బంధం నుండి తొలగి, దేశసేవను ఎన్నుకొన్నారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ జరిగేనాటికే అక్కడ బాలికలకు, గృహిణులకు హిందీ నేర్పే పాఠశాల నడిపేవారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని, మన వేలూరు కారాగారంలో శిక్ష అనుభవించారు. అనంతరం మధుర చెరసాలలో కూడ నిర్బంధం తప్పలేదు. ఆ కష్టాలు ఆమెను కుంగదీయలేదు. విడుదలయ్యాక మెట్రిక్యులేషన్ మొదలుకొని న్యాయశాస్త్రం వరకు పట్టుదలతో చదివారు. మద్రాసు మైలాపూరులో పిల్లలను చేరదీసి ఆరంభించిన చిన్న బృందమే క్రమంగా ఆంధ్ర మహిళా సభగా ఎదిగింది.

రాజ్యాంగ సభలో సభ్యురాలిగా పనిచేసిన అనంతరం, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. ప్రథమ పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయార్థం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. 1954 నుండి గ్రామాలలో సంక్షేమ విస్తరణ పథకాలు వెలిశాయి. బాలవాడి, తల్లుల ఆరోగ్యం, చేతిపనుల శిక్షణ వాటిలో ముఖ్యాంగాలు.

అయితే ఆ పునాదిలోనే ఒక లోటు మిగిలిపోయింది. పసిపిల్లలకు చదువు చెప్పడాన్ని ఉద్యోగంగా కాక సేవగా పరిగణించారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆరంభమైనప్పుడు, అంగన్‌వాడీ కార్యకర్తకు లభించినది జీతం కాదు, గౌరవ వేతనం. మెట్రిక్ చదివినవారికి నెలకు 150 రూపాయలు, చదవనివారికి 100 రూపాయలు. ఆటపాటలు నేర్పడం, అన్నం పెట్టించడం, బరువు తూచడం, లెక్కలు వ్రాయడం, ఇల్లిల్లూ తిరగడం ఆమె బాధ్యతలే. వీరికి గ్రాట్యుటీ హక్కు ఉన్నదని సర్వోన్నత న్యాయస్థానం 2022లో తీర్పు చెప్పింది. అంటే ఆ హక్కు కోసం నాలుగున్నర దశాబ్దాలు వేచి ఉండవలసి వచ్చింది.

గుడియాత్తం వాసులకు ఇది పరాయి విషయం కాదు. 1954 ఉప ఎన్నికలో ఈ ఊరు శాసనసభకు పంపిన కామరాజు నాడారుగారే, ముఖ్యమంత్రిగా బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం సమకూర్చారు. ఆకలి తీరితేనే అక్షరం అబ్బుతుందని ఆ పథకం లోకానికి చాటింది. మగ్గం మీదనో, బీడీల చాట ముందరో పొద్దు గడిపే తల్లికి, తన బిడ్డ భద్రంగా ఉన్నదన్న ధైర్యమిచ్చేది పసిపిల్లల బడి. ఇంట తెలుగు, వీధిలో తమిళం వినే పసివాడిని అమ్మ పలుకుతోనే దగ్గరకు తీసి, రెండు భాషలకూ అలవాటు చేసే పంతులమ్మ విలువ కొలతకందనిది.

1981 మే 9న దుర్గాబాయమ్మగారు దివంగతులైనారు. ఆమె నాటిన మొక్క నేడు మాను అయింది. పసిపిల్లల గురువుకు ప్రశంసతోబాటు న్యాయమైన జీతం, బిడ్డలకు గాలీ వెలుతురూ గల గది, చేతికి ఆటవస్తువులు సమకూరిన నాడే ఆ మాను నిండుగా కాస్తుంది. అందుకై తల్లిదండ్రులూ, పూర్వ విద్యార్థులూ తమ వంతు గళం కలపడమే ఆ మాతృమూర్తికి మనమర్పించే నిజమైన నివాళి.