అంకెలతో సర్కారును కదిలించిన నర్సు

ఫ్లారెన్స్‌ నైటింగేల్‌ అనగానే చేతిలో దీపంతో రోగుల మధ్య తిరిగే నర్సు గుర్తొస్తుంది కదూ! నిజానికి ఆ యుద్ధకాలపు సేవ రెండేళ్లు కూడా లేదు. ఆ తర్వాత దశాబ్దాలపాటు ఆమె చేసిన పని వేరు: ఆరోగ్య గణాంకాలను పాలకులకు అర్థమయ్యేలా చెప్పడం. ప్రజారోగ్య కోర్సుల్లో చేరాలనుకుంటున్నారా? అయితే ఈ రెండో జీవితం మీరు తెలుసుకోవాల్సిందే.

1820లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో, సంపన్న ఆంగ్ల కుటుంబంలో పుట్టారు. నర్సు పని వద్దని ఇంట్లోవాళ్లు అడ్డుపడ్డా వినలేదు. 1854లో క్రిమియా యుద్ధ సమయంలో 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రికి చేరారు. అక్కడ గాయాలకంటే కలరా, టైఫస్‌, విరేచనాలతోనే ఎక్కువమంది చనిపోతున్నారు. 1855లో మురుగు కాల్వలు బాగుచేసి, గాలి ఆడే ఏర్పాట్లు చేశాక మరణాలు బాగా తగ్గాయి.

తిరిగొచ్చాక అసలు సవాలు ఎదురైంది. మార్పు రాకపోతే బ్యారక్‌లలో చావులు ఆగవు. నిర్ణయాలేమో మంత్రుల చేతుల్లో ఉన్నాయి. 1857లో ఏర్పాటైన రాయల్‌ కమిషన్‌లో మహిళకు చోటు లేదు. దాంతో కమిషన్‌ అధ్యక్షుడు సిడ్నీ హెర్బర్ట్‌ వెనక ఉండి సమాచారమంతా సిద్ధం చేశారు.

గణాంకాలు పొడిగా ఉంటేనే మంచిదని ఆమెకు సాయపడిన గణాంకవేత్త విలియం ఫార్‌ అభిప్రాయం. ఆమె మాత్రం పట్టికలతో సరిపెట్టలేదు. ఏడాదిని 12 ముక్కల వృత్తంగా గీసి, నివారించగల వ్యాధుల మరణాలకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతావాటికి నలుపు వేశారు. ఎవరు చూసినా నీలమే ముందు కనిపిస్తుంది!

ఇంకో పోలిక కూడా చూపారు. యుద్ధం లేనప్పుడు, స్వదేశంలోనే, సైనికుల మరణాల రేటు అదే వయసు పౌరులకంటే దాదాపు రెట్టింపు. ఇక కాదనడానికి ఏముంది? బ్యారక్‌లలో సంస్కరణలు మొదలయ్యాయి. 1860లో సైనిక వైద్య పాఠశాల వచ్చింది.

మన దేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక స్థావరాలకు ప్రశ్నావళులు పంపించి వివరాలు తెప్పించుకున్నారు. ఏటా వెయ్యిమంది బ్రిటిష్‌ సైనికుల్లో 69 మంది చనిపోతున్నారని 1863 నాటి నివేదిక తేల్చింది. పదేళ్లకు అది 18కి తగ్గిందని ఆమె చెప్పారు.

ఆమె అనుకున్నవన్నీ జరగలేదు. రేపటి పాలకులకు అంకెలను వాడుకోవడం నేర్పాలని 1891లో ఆక్స్‌ఫర్డ్‌లో గణాంకశాస్త్ర ఆచార్య పదవికి ప్రయత్నించారు. కుదరలేదు. 1910లో కన్నుమూశారు.

మీరూ సాధన చేయండి

* మీ మండలంలో డెంగీ కేసుల వివరాలు దొరికితే ఒక్క పేజీలోకి కుదించండి.
* నిర్ణయం తీసుకునేది ఎవరో ముందే తెలుసుకోండి.
* అంకెను ఒంటరిగా వదలొద్దు. నిరుటితోనో పక్క మండలంతోనో పోల్చండి.
* చివర్లో ఏం చేయాలో ఒకే వాక్యంలో అడగండి.

ఆ పేజీని వైద్యం తెలియని స్నేహితుడికివ్వండి. రెండు నిమిషాల్లో అర్థం కాలేదంటే, మళ్లీ రాయండి.