నగరాన్ని కట్టిన కవి – మహమ్మద్ కులీ కుతుబ్ షా

సంస్కృతి అనగానే మనకు శిల్పాలు, సంగీత సభలు, గ్రంథాలయాలలోని బరువైన పుస్తకాలు స్ఫురిస్తాయి. అవి సంస్కృతిలో భాగాలే, కాదనలేము. అయితే మనిషి తొలకరి వానను ఏ కంటితో చూస్తాడు, పొరుగువాని పండుగనాడు ఎలా మసలుకుంటాడు, ఊరూ పేరూ తెలియని రోగి వాకిట నిలిచినప్పుడు ఏమని పలకరిస్తాడు అన్నవి కూడా సంస్కృతి నేర్పిన నడవడికలే. ఆ దృష్టి విశాలమైతే నిత్యజీవితం సుఖమయమౌతుంది. సంకుచితమైతే ఒకే వీధిలోని రెండిళ్ళ మధ్య కూడా యోజనాల దూరం ఏర్పడుతుంది. ఈ విషయానికి నిదర్శనంగా మేము ఎన్నుకున్నది గోలకొండ ఐదవ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా జీవితం.

హైదరాబాదు నగర నిర్మాతగా ఆయన పేరు ఎరుగనివారు మనలో లేరు. కాని చార్మినార్ బొమ్మ కింద ఆ పేరు చదివి పుట తిప్పివేయడం మనకు బడినాటి నుండి అలవాటు. ఆ పేరు వెనుక ఉన్న మనిషిని కొంచెమైనా దర్శించాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

కుతుబ్ షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుండి దక్కనుకు వచ్చిన తురుష్క వీరుడు. 1543లో ఆయన హత్యకు గురికాగా, కుమారుడు ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకొని విజయనగరం చేరి అళియ రామరాయల ఆశ్రయంలో సుమారు ఏడేళ్ళు గడిపాడు. ఆ ప్రవాసమే ఆయనకు తెలుగును ఇచ్చింది. 1550లో గోలకొండ సింహాసనం ఎక్కిన తరువాత ఆయన తెలుగు కవులను ఆదరించాడు. వారు ఆయనను మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో తొలి కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగనార్యుడు ఆయన కొలువులోని అమీన్‌ఖానుకు అంకితం చేశాడు. సంస్కృత పదం కలవని తెలుగు కావ్యానికి ఒక ముస్లిం ప్రభువు కృతిభర్త కావడం మన సాహిత్య చరిత్రలో ఒక మధుర ఘట్టం.

అయితే ఆ ఇబ్రహీమే 1565 జనవరిలో జరిగిన రాక్షసి తంగడి యుద్ధంలో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపై ఇతర సుల్తానులతో కలిసి కత్తి దూశాడు. రామరాయలు ఆ రణరంగంలోనే మరణించాడు. రాజకీయం వేరు, హృదయం వేరు అని సరిపెట్టుకోవచ్చునేమో గాని ఈ వైరుధ్యాన్ని మరుగుపరచడం న్యాయం కాదు. ఆ యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే మహమ్మద్ కులీ జన్మించాడు. పారశీక మర్యాదలు, దక్కను పలుకుబడులు, తెలుగు కవుల రాకపోకలు కలగలిసిన కొలువులో ఆయన బాల్యం గడిచింది.

1580లో తండ్రి మరణించగా పదిహేనేళ్ళు నిండీ నిండని వయసులో ఆయన పట్టాభిషిక్తుడైనాడు. సింహాసనంతో పాటు యుద్ధాలూ వారసత్వంగా లభించాయి. బిజాపూరుతో సాగిన వైరం 1587లో ఆయన సోదరిని ఇబ్రహీం ఆదిల్ షాకు ఇచ్చి వివాహం చేయడంతో చల్లారింది. పెనుగొండ నుండి పాలిస్తున్న వేంకటపతి రాయలతో పోరు మాత్రం తప్పలేదు. కాని కాలం ఆయనను గుర్తుంచుకున్నది యుద్ధాల వల్ల కాదు.

గోలకొండ దుర్గం జనంతో కిక్కిరిసిపోయింది. అందరికీ చాలినంత చోటు, నీరు, గాలి కరువైనాయి. మూసీకి అవతల కొత్త నగరం కట్టాలని సుల్తాను సంకల్పించాడు. ఇరాన్‌లోని అస్తరాబాదు నుండి వచ్చి పీష్వా పదవి నిర్వహించిన మహాపండితుడు మీర్ మోమిన్ ఆ నగర రచనకు సారథ్యం వహించాడు. హిజ్రీ శకంలో వెయ్యేళ్ళు నిండుతున్న 1591లో చార్మినార్ వెలసింది. పై అంతస్తులో మసీదు, కింద నాలుగు దిక్కులకు నాలుగు రాజబాటలు, వాటి పక్కన అంగళ్ళు, తోటలు, నీటి కాలువలు! ప్రార్థనా స్థలమూ బజారూ ఒకే కట్టడంలో కలిసిన ఆ అమరికలో ఒక జీవనదృష్టి కనిపిస్తుంది. దైవాన్ని తలచుకొనే చోటుకూ, ఉప్పూ పప్పూ కొనుక్కొనే చోటుకూ మధ్య ఆయన గోడ కట్టలేదు. తన నగరం జనసమృద్ధితో వర్ధిల్లాలని ఆయన చేసిన ప్రార్థనను నగరవాసులు నేటికీ చెప్పుకుంటారు.

భాగమతి అనే యువతిపై ప్రేమతో ఈ నగరం కట్టాడన్న కథ లోకప్రసిద్ధం. చరిత్రకారులలో కొందరు దానిని అంగీకరిస్తారు, కొందరు కాదంటారు. ఆ వివాదంలోకి మేము దిగబోము. రెండు మతాల మధ్య వికసించిన ప్రేమ తమ ఊరికి పునాది అని తరతరాలుగా జనం నమ్మదలచారే, ఆ కోరిక మాత్రం నిజం.

ఇక కవిగా ఆయన విశిష్టత వేరు. కొలువు భాష పారశీకం. పండితుల మెప్పు కావాలంటే ఆ భాషలోనే రాయాలి. ఆయన అందులోనూ రాశాడు. కాని మనసు విప్పి రాసింది మాత్రం బజారులో, అంతఃపురంలో, తోటలో మాట్లాడుకొనే దక్కనీలో. ఆ భాష తెలుగు, మరాఠీ, కన్నడ పలుకులను ఇంటి చుట్టాల వలె చేరదీసుకొన్నది. ఉర్దూలో సంపూర్ణ దివానును వెలయించిన మొదటి కవిగా సాహిత్య చరిత్ర ఆయనను గౌరవిస్తున్నది. తెలుగులోనూ కవిత చెప్పాడంటారు గాని ఆ రచనలు మనకు దక్కలేదు.

ఆయన కవితా వస్తువులను పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రాజు రాసినవి కాబట్టి యుద్ధ విజయాలు ఉండాలి అనుకుంటాము. అక్కడ ఉన్నవి పండ్లు, కూరగాయలు, పూలు, నగలు, ఆటలు, వానలు, చలికాలపు రాత్రులు. రంజాన్ ఈద్, షబే బరాత్, మీలాద్ ఒకవైపు. ఇరాన్ నుండి వచ్చిన నౌరోజ్ ఒకవైపు. ఈ నేలపై పుట్టిన వసంతోత్సవం మరొకవైపు. అన్నింటికీ ఆయన కలంలో చోటు దొరికింది. వాటిలో మా మనసును ఎక్కువగా ఆకర్షించినది మిర్గ్. మృగశిర కార్తెకే ఆ పేరు. తెలంగాణ రైతు నేటికీ దానిని మిరుగు అంటాడు. ఎండలకు మాడిన నేలపై తొలి చినుకు రాలే ఆ రోజుల్లో నాగలి కదులుతుంది, ఇంట్లో చేపల కూర ఉడుకుతుంది. ఎక్కడో హమదాన్ నుండి వచ్చిన వంశంలోని సుల్తాను ఆ కార్తెను తన పండుగగా చేసుకొని గీతాలు రాశాడు. వాన ఎవరిదని అడగలేదు, తడిసి సంతోషించాడు. పరాయి నేల సొంతమయ్యే మార్గం ఇదే కదా!

సుఖాన్ని పంచుకున్నట్లే దుఃఖాన్నీ పంచుకోవాలి. 1590 దశకంలో ఆయన బాద్షాహీ ఆషుర్‌ఖానాను నిర్మించాడు. మొహర్రం మాసంలో కర్బలా అమరులను స్మరిస్తూ స్వయంగా మర్సియాలు రచించాడు. ఆ శోకం రాజధానిలో ఆగిపోలేదు. పల్లెపల్లెకూ వెళ్ళి పీర్ల పండుగ అయింది. ఎన్నో తెలుగు గ్రామాలలో హిందువులు పీర్లను ఎత్తుకుంటారు, మొక్కులు చెల్లిస్తారు, గుండం చుట్టూ అందరితో కలిసి అడుగు వేస్తారు. కలిసి కన్నీరు కార్చినవారి మధ్య బంధుత్వం ఏర్పడుతుందన్నది మన పెద్దల అనుభవం.

దైనందిన క్షేమం విషయంలో ఆయన చేసిన మహత్కార్యం దారుష్షిఫా. 1595లో కొత్త నగరంలో రెండంతస్తుల విశాలమైన యునానీ వైద్యశాలను స్థాపించాడు. మధ్యలో పెద్ద ముంగిలి, చుట్టూ రోగులకు గదులు. గాలీ వెలుతురూ కూడా ఔషధాలే అని ఆ కట్టడం చెబుతుంది. హకీములు చికిత్స చేసేవారు, విద్యార్థులకు వైద్యశాస్త్రం బోధించేవారు. రోగుల వద్ద రుసుము తీసుకొనే పద్ధతి లేదు. తరువాతి కాలంలో ఆ వైద్యశాల అంతరించినా పేట పేరు మాత్రం దారుష్షిఫాగానే నిలిచింది. నగరానికి రాజభవనాలు ఎంత అవసరమో ఆరోగ్యశాల అంత అవసరమని నాలుగు వందల ఏళ్ళకు పూర్వం ఒక కవి గ్రహించడం సామాన్య విషయం కాదు.

ఆయన కొలువులో తెలుగుకు స్థానం తగ్గలేదు. గోలకొండ కరణంగా పనిచేసిన సారంగు తమ్మయ్య ఆ కాలంలోనే విప్రనారాయణుని కథను వైజయంతీ విలాసంగా రచించాడు. పగలు సుల్తాను లెక్కలు రాసిన చేయి రాత్రి శ్రీరంగనాథుని భక్తుని కథ రాసిందన్నమాట. కుతుబ్ షాహీల ఫర్మానాలు పారశీకంతో పాటు తెలుగులోనూ వెలువడేవి. తనకు అర్థమయ్యే భాషలో ఆజ్ఞ అందుకున్న రైతుకు ప్రభుత్వం కొంతైనా దగ్గరగా తోచి ఉంటుంది.

ఇంత చెప్పి, లోపాలను విస్మరిస్తే ఇది చరిత్ర కాదు, స్తోత్రమౌతుంది. ఆయన విలాసప్రియుడు. మహళ్ళకూ ఉత్సవాలకూ వెచ్చించిన ధనం రైతు కష్టం నుండి వచ్చినదే. తన ప్రియురాండ్రను నన్హీ, సాంవ్లీ, గోరీ, ఛబేలీ వంటి ముద్దు పేర్లతో వర్ణించాడు. వజ్హీ కవి 1609లో రాసిన కుతుబ్ ముష్తరీ ఆయన ప్రణయగాథకే కావ్యరూపం. కాని ఆ స్త్రీల మనసులో ఏముండేదో వారి మాటల్లో మనకు చేరలేదు. వర్ణించే దృష్టి రాజుదే. వర్ణనకు లోనైనవారికి కలం అందలేదు. సంస్కృతిని అధ్యయనం చేసేవారు ఈ మౌనాన్ని కూడా వినాలి.

ఆయన ఏకైక కుమార్తె హయాత్ బక్షీ బేగం. 1607లో ఆమెకు తన సోదరుని కుమారుడైన మహమ్మద్‌తో వివాహం జరిపించాడు. ఆమె కాలక్రమాన సుల్తాను భార్యగా, సుల్తాను తల్లిగా రాజ్య వ్యవహారాలను తీర్చిదిద్దింది. హయాత్‌నగర్ ఆమె పేరనే వెలసింది. 1612 జనవరిలో మహమ్మద్ కులీ అస్తమించాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళైనా నిండలేదు. గోలకొండ సమీపంలోని సమాధుల తోటలో ఆయన విశ్రమిస్తున్నాడు. చెల్లాచెదురుగా ఉన్న ఆయన కవిత్వాన్ని అల్లుడు మహమ్మద్ కుతుబ్ షా సేకరించి గ్రంథంగా కూర్చాడు. 1940లో డాక్టర్ సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ దానిని పరిష్కరించి ప్రచురించి లోకానికి మహోపకారం చేశారు.

పాఠక మిత్రులారా! ఈ సంచికలో ఉర్దూ పుటలు కుడి నుండి, తెలుగు పుటలు ఎడమ నుండి ఆరంభమౌతాయి. మనలో చాలామందిమి మనకు వచ్చిన వైపు చదివి పుస్తకం మూసివేస్తాము. మేమూ అందుకు మినహాయింపు కాము. ఈ వ్యాసం కోసం దక్కనీ పదాల అర్థాలు తెలుసుకోవడానికి ఉర్దూ విభాగపు మిత్రులను ఆశ్రయించవలసి వచ్చింది. మిరుగు అన్న మాట వినగానే వారి ముఖాలు, మిర్గ్ అన్న మాట వినగానే మా ముఖాలు ఒకేసారి వికసించాయి. ఒకే వానకు రెండు లిపులలో పేరు పెట్టుకొని ఇన్నాళ్ళు వేరు వేరు గొడుగుల కింద నిలిచామని అప్పుడు గ్రహించాము. మహమ్మద్ కులీ కట్టిన నగరం రాతితో కట్టినది మాత్రమే కాదని తెలుసుకొని, వచ్చే మృగశిరకైనా కలిసి తడవగలిగితే ఈ చరిత్ర చదివినందుకు ఫలితం దక్కినట్లే.