విలియం కింగ్ (భూగర్భ శాస్త్రవేత్త)

డాక్టర్ విలియం కింగ్ (మరణం 1900) భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన బ్రిటిషు శాస్త్రవేత్త. సింగరేణి బొగ్గును వెలుగులోకి తెచ్చినవాడుగా తెలుగువారికి పరిచితుడు. నియాండర్తల్ మానవునికి 1864లో శాస్త్రీయ నామమిచ్చిన గాల్వే ఆచార్యుడు విలియం కింగ్ ఇతని తండ్రి. పేర్లు ఒకటే కావడం వలన ఇద్దరినీ ఒకరిగా పొరబడటం కద్దు.

1857లో ఉద్యోగంలో చేరిన కింగ్, కడప, కర్నూలు శిలలపై 1872లో గ్రంథం వెలువరించాడు. 1871లో ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొన్నాడు. భద్రాచలం యాత్రికుల పొయ్యిలో నల్లరాళ్ళు అంటుకోవడమే దీనికి మూలమని జనశ్రుతి. అది నిజమే అయినా, ఆ రాయి ఏ పొరకు చెందినదో, ఎంత మేర వ్యాపించిందో తేల్చవలసినది సర్వేయే. తక్షణ లాభం ఆశించకుండా ప్రభుత్వ ధనంతో సాగిన పని అది.

ఫలితం మాత్రం వెంటనే దక్కలేదు. అడవిలోని బొగ్గును తరలించడానికి రైలు లేదు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీ గనుల హక్కులు పొందింది. 1889లో ఉత్పత్తి ఆరంభమైంది. నిజాం రైలుమార్గం బెజవాడ చేరినదీ ఆ ఏడే. ఈలోగా కింగ్ 1881లో ప్రాణహిత-గోదావరి లోయపై గ్రంథం ప్రచురించి, 1887 నుండి 1894 వరకు సంస్థకు డైరెక్టరుగా ఉన్నాడు.

1966లో పాల్వంచలో ప్రారంభమైన థర్మల్ విద్యుత్కేంద్రం సింగరేణి బొగ్గుతోనే నడిచింది. కోకింగుకు పనికిరాని ఈ బొగ్గుతో ఇనుము తీయవచ్చని నిరూపించడానికి ఐక్యరాజ్యసమితి సహాయంతో నెలకొల్పిన స్పాంజ్ ఐరన్ కర్మాగారం 1980లో అక్కడే పని మొదలుపెట్టింది. కొత్తగూడెం గనులలో ఒక బొగ్గుపొరను నేటికీ కింగ్ సీమ్ అంటారు.