రాజా లాలా దీన్ దయాళుగారు

మన పాకాల ప్రాంతమందలి గృహములలో గోడలపై వ్రేలాడు పూర్వుల ఛాయాచిత్రములకు మనము పూలదండలు వేయుదుము. కాని యా విద్య విశేషముగ దొరల చేతులలోనే యున్న దినములలో దానియందు రాజసమ్మానము నందిన లాలా దీన్ దయాళుగారి చరిత్రమును మనవారిలో ననేకు లెఱుగరు.

వీరు 1844వ సంవత్సరమున మీరటు సమీపమందలి సర్ధనాలో జైనకుటుంబమున జన్మించిరి. రూర్కీలోని తామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో విద్యనభ్యసించి, 1866లో ఇండోరు నగరమున మరామతు కార్యాలయమందు నక్షాలు వ్రాయు నుద్యోగమున బ్రవేశించిరి. 1874 ప్రాంతమున ఛాయాగ్రహణమును జేపట్టగా, తుకోజీరావు హోల్కరు మహారాజును, సర్ హెన్రీ డేలీ దొరయు బ్రోత్సహించిరి. ఆ కాలమున నిది సులభకార్యము కాదు. బరువైన పెట్టెయు, గాజుపలకలును మోయించుకొని పోవలెను. పలక పగిలెనా, పడిన శ్రమ యంతయు వ్యర్థమే. 1886లో లెపెల్ గ్రిఫిన్ దొర ప్రకటించిన మధ్యహిందూస్థాన కట్టడముల గ్రంథమునకు వీరి చిత్రములే ప్రాణము. నక్షాలు వ్రాసిన చేతి నేర్పు వానియందు గానవచ్చుచున్నది.

పిదప సర్కారు కొలువును విడిచి, యీ విద్యనే జీవనాధారముగ గైకొనిరి. పింఛనుపై గాలము గడపు నావంటివానికి ఆ సాహసము మఱింత గొప్పగ దోచును. సికిందరాబాదున జిత్రశాలను స్థాపించి, ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను వారి యాస్థాన ఛాయాగ్రాహకులైరి. ప్రభువు వీరికి రాజా బిరుదమును, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును బ్రసాదించెను.

వీరి కార్యములలో నాకు మిక్కిలి యాదరణీయమైనది 1892లో హైదరాబాదున స్త్రీలకై యేర్పఱచిన ప్రత్యేక చిత్రశాల. ఘోషాకుటుంబముల స్త్రీలు పరపురుషుని యెదుట గూర్చుండరు గదా! వారి యాచారమును దూషింపక, వారిని వెలికిని నెట్టక, ఆ శాలను ఆంగ్లవనిత యొకతె యధీనమున నుంచిరి. చదువుల విషయమున మన బాలికల తల్లిదండ్రులును, శాలలు పెట్టించు దాతలును దీనిని యోజింప దగును.

1896లో బొంబాయియందును శాలను దెఱచిరి. 1897లో విక్టోరియా రాణి వీరిని దన ఛాయాగ్రాహకులుగ నియమించెను. 1905వ సంవత్సరము జూలై 5వ తేదీన బొంబాయిలో బరమపదించిరి. వీరి గాజుపలకలలో 2,857 పలకలను 1989లో ఢిల్లీయందలి ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు సేకరించిరి.