ఒకరి చక్రం, మరొకరి బండి
జాన్ బాయిడ్ డన్‌లప్ జీవితరేఖలు

నెల్లూరు సముద్రతీరపు పల్లెలలో ఎడ్లబండ్లు రెండు విధాలుగా ఉంటూ వచ్చాయి. మొదటిది కొయ్య చక్రానికి ఇనుప పట్టా బిగించిన పాత బండి. రెండవది మోటారు వాహనాల నుండి ఊడదీసిన చక్రాలను బేరింగులతో సహా తెచ్చి, మన వడ్రంగి చేసిన బండికి అమర్చిన టైరు బండి. దీనినే కొన్ని చోట్ల డన్‌లప్ బండి అన్నారు. డన్‌లప్ అన్నది మనలో చాలామందికి ఒక కంపెనీ పేరుగానే తెలుసు. అది ఒక మనిషి పేరనీ, ఆయన వృత్తిరీత్యా పశువైద్యుడనీ తెలిసినవారు తక్కువ. ఒకరు చేసిన చక్రాన్ని మరొకరు చేసిన వాహనానికి తగిలించడంలోని మేలునూ, బాధ్యతనూ ఆయన చరిత్ర చక్కగా తెలుపుతుంది గనుక, ఆ చరిత్రను విద్యార్థుల ముందు ఉంచదలచాము.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో, ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఎడింబరోలో పశువైద్యం అభ్యసించి, చిన్న వయసులోనే పట్టా పొందాడు. 1867లో ఐర్లండుకు తరలివెళ్ళి, కొంతకాలానికి బెల్‌ఫాస్టు నగరంలో స్థిరపడ్డాడు. ఆయన వైద్యశాల ఆ దేశంలోని పెద్ద వైద్యశాలలలో ఒకటిగా పేరు గాంచింది. ఆ రోజులలో నగరపు బరువంతా గుర్రాలే మోసేవి. రాళ్ళు పరచిన వీధులలో గట్టి చక్రాల బండ్లను లాగి లాగి అలసిన జంతువులను చూడడం ఆయనకు నిత్యకృత్యం.

1887లో ఆయన కుమారునికి సుమారు పదేళ్ళు. ఆ బాలుడు మూడు చక్రాల సైకిలుపై రాళ్ళ బాట మీద తిరిగేటప్పుడు ఒళ్ళంతా కుదుపే. తండ్రి ఒక కొయ్య పలకను గుండ్రంగా కోయించి, దాని అంచు చుట్టూ పలుచని రబ్బరు గొట్టాన్ని అమర్చి, గుడ్డతో బిగించి, బంతికి గాలి కొట్టే పంపుతో గాలి నింపాడు. తర్వాత సైకిలు చక్రాన్నీ, ఈ గాలి చక్రాన్నీ పెరటిలో ఒకదాని వెంట ఒకటి దొర్లించాడు. సైకిలు చక్రం కొంత దూరం పోయి పడిపోయింది. గాలి చక్రం పెరడంతా దాటి గేటుకు కొట్టుకొని వెనుకకు మళ్ళింది. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో బాలుని సైకిలుకు గాలి టైర్లు అమర్చి పరీక్షించాడు. ఆ సంవత్సరం డిసెంబరులో ఆయనకు పేటెంటు లభించింది.

ఇచట ఒక విషయం గమనింపదగినది. డన్‌లప్ సైకిలును తయారు చేయలేదు, మోటారు బండినీ తయారు చేయలేదు. ఇతరులు చేసిన వాహనానికి తన చక్రాన్ని తగిలించాడు, అంతే. 1889 మే 18న బెల్‌ఫాస్టు క్వీన్స్ కళాశాల మైదానంలో జరిగిన పందాలలో విలియం హ్యూమ్ అనే క్రీడాకారుడు గాలి టైర్ల సైకిలుపై పోటీచేసి విజేతగా నిలిచాడు. లావుగా ఉబ్బిన ఆ చక్రాలు మొదట కొందరికి నవ్వు తెప్పించినా, పందెం ముగిసేసరికి వాటి బలం అందరికీ తెలిసివచ్చింది. డబ్లిన్ వర్తకుడు హార్వే డ్యూక్రాస్ ఈ విజయాన్ని గుర్తించి కంపెనీని స్థాపించాడు. డన్‌లప్ తన హక్కులను ఆ కంపెనీకి అప్పగించాడు.

అంతలో పెద్ద దెబ్బ తగిలింది. గాలి చక్రాన్ని 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనే మరొక స్కాట్లండు దేశీయుడు పేటెంటు చేసి ఉన్నాడని 1890లో బయటపడింది. డన్‌లప్ పేటెంటు చెల్లకుండా పోయింది. థామ్సన్ తన చక్రాలను గుర్రపు బండ్లకు తగిలించి చూపినా, ఆ కాలంలో రబ్బరు ఖరీదైనది, సైకిళ్ళు ప్రచారంలోకి రాలేదు. సరైన బండి దొరకక అంతటి మంచి చక్రమూ నాలుగు దశాబ్దాలు మూలన పడి ఉన్నది.

కంపెనీని నిలబెట్టినది వేరొకరి ఆలోచన. మొదటి టైర్లను చక్రానికి అంటించి కట్టేవారు గనుక, చిల్లు పడితే విప్పడం గొప్ప శ్రమ. 1890లో చార్లెస్ వెల్చ్, విలియం బార్ట్‌లెట్ వేర్వేరుగా టైరు అంచు చక్రపు అంచులో ఇమిడి, కావలసినప్పుడు ఊడివచ్చే పద్ధతులకు పేటెంట్లు పొందారు. ఆ హక్కులను కంపెనీ కొన్నది. 1895లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు వెళ్ళి తిరిగివచ్చే పందెంలో తమ గాలి టైర్లను మోటారు కారుకు బిగించి నడిపారు. దారిపొడవునా టైర్లు పగిలినా ప్రయాణం పూర్తి చేశారు. టైరు ఒకరిది, కారు మరొకరిది అయ్యే కాలం వచ్చింది.

అయితే వేరొక కంపెనీ కారు చక్రం మన కారుకు కూర్చుంటుందా? ఇది చూపుతో తేలే విషయం కాదు, కొలతతో తేలేది. బోల్టుల సంఖ్య, అవి నిలిచిన వలయపు వ్యాసం, నడిమి రంధ్రం, చక్రం లోపలికి ఎంత, వెలుపలికి ఎంత నిలుస్తుందన్న లెక్క, మోయగల బరువు, ఇవన్నీ కలియాలి. చక్రం వెలుపలికి ఎక్కువగా జరిగితే బేరింగుపై భారం పెరుగుతుంది. చక్రం పెద్దదైతే వేగం చూపే ముల్లు అసలు వేగం కంటె తక్కువ చూపుతుంది. నట్టు సరిగా కూర్చోకపోతే చక్రమే ఊడవచ్చును.

టైరు బండికీ ఈ నియమాలు తప్పవు. రెండు చక్రాలు ఒకే కొలతవి కాకుంటే బండి ఒరిగి, భారం ఒక ఎద్దు మెడపై పడుతుంది. తీరపు ఇసుకలో వెడల్పాటి టైరు ఇనుప పట్టా వలె దిగబడదు, ఇది గొప్ప లాభం. కాని బురద మడిలో జారుతుంది, సర్కారు తుమ్మ ముల్లుకు లొంగుతుంది. కాలువకట్ట దిగేటప్పుడు తేలికగా దొర్లే బండికి ఆపు లేకుంటే, దాని తోపుడంతా కాడి క్రింది మెడలదే.

అన్నిటికంటె ముఖ్యమైనది బరువు. జంతుహింస నివారణకై 1965లో వెలువడిన నిబంధనలు పెద్ద ఎద్దు లాగే రెండు చక్రాల బండికి గాలి టైర్లు లేకుంటే 900 కిలోలు, ఉంటే 1350 కిలోలు హద్దుగా నిర్ణయించాయి. చక్రం మేలైనది గనుక ఒకటిన్నర రెట్ల బరువును చట్టమే అనుమతించినది. ఆ హద్దును కూడా మీరి బస్తాలు పేర్చితే, చక్రం ఇచ్చిన సుఖమంతా యజమాని సంచిలోకే పోతుంది, ఎద్దుకు మిగిలేది పాత శ్రమే. ఒకప్పుడు ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో భాగం. ఆ జాతి పశువులు బ్రెజిల్‌లో నెలోర్ అనే పేరుతోనే ప్రసిద్ధి పొందాయి. మన ఊరి పేరును ఖండాంతరాలకు మోసినది ఆ ఎద్దు. దాని మెడ కాయకట్టకుండా చూడడం మన విధి.

డన్‌లప్ 1895 ప్రాంతంలో కంపెనీని విడిచాడు. 1896లో ఆ కంపెనీ 30 లక్షల పౌండ్లకు చేతులు మారినప్పుడు ఆ ఐశ్వర్యంలో ఆయనకు చెప్పుకోదగిన పాలు లేదు. 1921 అక్టోబరు 23న డబ్లిన్‌లో కన్నుమూశాడు. ఆయన పేరుగల టైర్ల కర్మాగారం 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో, తర్వాత 1959లో మద్రాసు సమీపాన అంబత్తూరులో వెలసింది. తరువాతి కాలంలో అవి రెండూ మూతబడ్డాయి.

పేటెంటు పోయినది, ధనం ఇతరులకు చేరినది, కర్మాగారాలు నిలిచిపోయినవి. మిగిలినది గాలి నింపిన చక్రం, దానితో పాటు ఒక పశువైద్యుని పేరు. ఇతరుల విద్యనూ, యంత్రాన్నీ మన అవసరానికి తెచ్చుకొనడంలో సిగ్గుపడవలసినది ఏమీ లేదని మా అభిప్రాయం. తెచ్చినదాన్ని మన ఇరుసుకు కొలిచి చూడడం మొదటి పని. దానివలన కలిగిన తేలికలో కాడి క్రింద ఉన్నవారికి వారి భాగం అందినదా అని అడగడం రెండవ పని. విద్యార్థులు ఈ రెండింటినీ మరువకుందురు గాక.