బసవరాజు – మూత్రరోగ మూలికల దేశనామాలు

బసవరాజీయ కర్త బసవరాజు వీరశైవుడు. నమశ్శివాయ పుత్రుడు, ఆరాధ్య రామదేశికుని శిష్యుడు. ఈతని కాలంపై పండితులలో ఏకాభిప్రాయం లేదు. 25 ప్రకరణాల తన వైద్యగ్రంథాన్ని నాడీపరీక్షతో ఆరంభించి, సంస్కృతంలో రచిస్తూనే నడుమ తెలుగును చేర్చాడు.

ఈ చేర్పు ఎంత అవసరమో మూత్రకృచ్ఛ్రానికీ, అశ్మరికీ వాడే మూలికలను చూస్తే తెలుస్తుంది. గోక్షురమన్న ఒక్క పేరుతోనే నెల్లూరు తీరపు ఇసుక నేలల్లో పెరిగే చిన్నపల్లేరు, ఏనుగుపల్లేరు రెండూ వ్యవహారంలో ఉన్నాయి. పాషాణభేది అంటే హిమాలయ ప్రాంత వైద్యునికి వేరొక మొక్క. తెలుగు వైద్యునికి కొండపిండి. దేశనామం తెలియని చోట యోగం సరియైనదే అయినా రోగికి అందే మూలిక మారిపోతుంది. శాస్త్రాన్ని తెలుగు వైద్యుని చేతికి అందించడమే బసవరాజు జీవితకృషి.