అడా లవ్‌లేస్

చేతిలోని ఫోను మొదలు బ్యాంకులోని కంప్యూటరు వరకు అన్నియు ముందుగా వ్రాసియుంచిన ఆదేశముల ననుసరించియే పనిచేయుచున్నవి. యంత్రమునకై అట్టి ఆదేశక్రమమును తొలుత అచ్చువేయించి ప్రకటించిన కీర్తి ఒక స్త్రీకి దక్కినది.

అడా 1815 డిసెంబరు 10వ తేదీన లండనున జన్మించెను. తండ్రి ప్రసిద్ధకవి బైరను. నెల దాటిన కొలది దినములకే తల్లిదండ్రులు విడిపోయిరి. ఆమె తండ్రిని మరల చూడలేదు. తల్లి ఆమెకు గణితము శ్రద్ధగా చెప్పించెను.

1833లో చార్లెస్ బాబేజి గణనయంత్ర భాగమును చూచి, పదునేడేండ్ల అడా దాని మర్మ మెరుగగోరెను. పిమ్మట ఆయన, పట్టుబట్టల మగ్గములందువలె చిల్లుల అట్టలతో నడచు వేరొక యంత్రమును ఊహించెను. దానినిగూర్చి మెనబ్రియా అను ఇటలీ యింజనీరు ఫ్రెంచిలో వ్రాసిన వ్యాసమును అడా ఆంగ్లీకరించి 1843లో ప్రకటించెను. అనువాదమే కదా యని తేలికగా తలంపరాదు. ఆమె చేర్చిన వ్యాఖ్యలు మూలమునకు ఇంచుమించు మూడింతలు! బెర్నూలీ సంఖ్యలను యంత్రము ఏ మెట్టు తరువాత ఏ మెట్టుగా లెక్కింపవలెనో, బాబేజితో సంప్రదించి, పట్టికగా చూపెను. యంత్రము సంగీతమును సైతము కూర్పవచ్చుననియు, అయినను మనము విధించినదే చేయుననియు ఆమె తలచెను. ఇంత వ్రాసి ఆమె తన పేరుగా ఉంచినది మూడక్షరములే: ఏ.ఏ.ఎల్.

బాబేజి యంత్రము పూర్తికాలేదు. 1852 నవంబరు 27న, ముప్పదియారేండ్ల ప్రాయమున, అడా క్యాన్సరుచే మరణించెను. ఆమె కోరికమేరకు, ఊహ తెలిసినది మొదలు ఎన్నడును చూడని తండ్రి ప్రక్కనే ఆమెను సమాధిచేసిరి.